పిలారమ్మ బడిలో ఒక్క జాగ

"ఆగ్వా" అన్నాడు బసవ, నోట్లో ముద్ద పెట్టుకుని.

ఎవరూ కదలలేదు.

"ఆగ్వా, పెద్దమ్మా" అన్నాడు మళ్లీ, చెంబు వైపు చెయ్యి చాపి.

కస్తూరమ్మ చెంబు తీసి వాడి ముందు పెట్టింది. ఇదివరకు అయితే గ్లాసులో పోసి, తాగించి, వీపు నిమిరేది. ఇవాళ చెంబు పెట్టి, వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది.

"నీళ్లు అనరాదురా" అన్నది ఇందిరమ్మ కొడుకుతో, మెల్లగా.

"వాన్నెందుకంటవు? ఆషాఢం నుంచి నేర్పిస్తున్నరు గదా. అననియ్యి."

కస్తూరమ్మ గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే అందరికీ అన్నం దిగలేదు.

నిన్న ఆమె వాము నూనె సీసా పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా తాండూరులో బండెక్కి వికారాబాదులో దిగింది. తోడికోడలు ఇందిరమ్మ పుట్టిల్లు అక్కడే. బసవకు దమ్ము పట్టి ఆయాసపడుతున్నాడని, అనంతగిరి గాలి తగిలితే రొమ్ము గట్టిపడుతుందని, వాడిని అమ్మమ్మ దగ్గర ఉంచారు. కస్తూరమ్మకు చెప్పింది అంతే. ఆమె నమ్మింది. వాడి దమ్ము తగ్గాలని సోమవారాలు ఒక్కపొద్దు ఉంటున్నది.

అమ్మమ్మ ఇంట్లో పిల్లవాడు లేడు. ఆలంపల్లి దారిలో, తెల్లచీర దొరసాని పెట్టిన బడి వాకిట్లో ఉన్నాడు. మిగతా పిల్లలతో కలిసి ఎగురుతూ పాడుతున్నాడు. దమ్మూ లేదు, దగ్గూ లేదు. కస్తూరమ్మ వాడి చెయ్యి పట్టుకుని అదే పూట ఇంటికి తెచ్చింది.

"దమ్ము అని చెప్పకపోతే నువ్వు ఒప్పుకుంటుంటివా వదినె?" అన్నాడు మరిది వీరేశం, బసవ తండ్రి. కంచంలోకి చూస్తూనే అన్నాడు.

"నేను ఎన్నడన్నా వద్దన్ననా? వాడు సదువుకుంటనంటే వద్దన్ననా?"

వీరేశం పప్పు కలుపుకున్నాడు. కలిపిందే మళ్లీ కలిపాడు.

మంచం మీద నుంచి అత్త చంద్రవ్వ లేచి కూర్చున్నది. "శివ శివా! ఆ బడిల పిల్లగానికి గుడ్డు పెట్టిండ్రా ఏంది? అది చెప్పుండ్రి ముందుగాల. లింగం కట్టిన మెడ అది."

"గుడ్డు పెట్టరత్తమ్మా. రొట్టె, పాలు" అన్నది ఇందిరమ్మ.

"రొట్టె అంటే జొన్నరొట్టెనా?"

"కాదు. ఉబ్బిన రొట్టె."

"ఉబ్బిన రొట్టెల ఏం కలుపుతరో ఎవరికెరుక" అని చంద్రవ్వ మళ్లీ పడుకున్నది. ఆమె ఫికరు అక్కడితో సరి.

కస్తూరమ్మ భర్త రామచందర్ అప్పుడు నవ్వాడు. ఇంటికి పెద్దవాడు, పప్పు మిల్లు నడిపేది ఆయనే. ఎవరైనా గట్టిగా మాట్లాడబోతే ముందు తాను నవ్వుతాడు. మండీలో బేరం అట్లాగే కుదురుస్తాడు.

"ఇంగ్లీషే గదా, నేర్చుకోనీ. రేపు మిల్లుకు కలెక్టరు వస్తే వీడే మాట్లాడ్తడు."

"ఇంగ్లీషు గాదన్నా" అన్నాడు వీరేశం. "ఆ సిస్టరుది స్పెయిను దేశం. అదే మాట నేర్పుతది. బడి వాకిట్ల ఇంకో మాట మాట్లాడనియ్యదు. తెలుగు గాదు, ఉర్దూ గాదు, ఇంగ్లీషు గూడ గాదు."

"స్పెయినా! ఇగ మిల్లుల ఎవనితోని మాట్లాడాలె వీడు? కందిసంచులతోనా?"

ఆయన ఒక్కడే నవ్వాడు.

"రెండేండ్లు ఆమె దగ్గర సదివితే బొంబాయిల వాళ్ల పెద్ద బడికి తీసుకుంటరు బావా" అన్నది ఇందిరమ్మ. "తిండి, బట్ట, పుస్తకాలు అంతా వాళ్లే సూస్తరు. చిన్నప్పుడు ఏ మాట పోస్తే ఆ మాట పట్టుకుంటదట నాలుక. ఒకటి గట్టిగ వస్తే ఇంగ్లీషు గూడ అల్కగ వస్తదన్నది."

"అయితే మంచిదే. మగపిల్లగాడు, ఇంటికి ఒక్కడు" అని రామచందర్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. పెరుగు ముట్టలేదు. భార్య ముఖం చూడలేదు.

కస్తూరమ్మ ఆయన కంచం తీసింది. పెరుగు గిన్నె ఎత్తుతూ ఒక క్షణం ఆగింది. ఆయన పెరుగు లేకుండా లేవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అంతలో గిరిజ వచ్చి కొంగు పట్టుకున్నది.

గిరిజ ఆమె కూతురు. బసవ ఈడుదే. తట్టు పోసినప్పటి నుంచి మాట లేదు. చెవులు వినపడతాయి, చెప్పిన పని చేస్తుంది. నవ్వుతుంది గాని చప్పుడు రాదు. హైదరాబాదు డాక్టరు కూడా చూశాడు. నాలుకలో ఏమీ లేదు, గొంతులో ఏమీ లేదు, అది మాట్లాడాలనుకున్న రోజు మాట్లాడుతుందన్నాడు. వీధిలో మాత్రం దానికి ఇంకో పేరు పెట్టుకున్నారు. కస్తూరమ్మ ఆ పేరు విన్న ఇళ్లకు పోవడం మానేసింది.

* * *

పెరట్లో ఇందిరమ్మ గిన్నెలు తోముతున్నది. కస్తూరమ్మ వచ్చి బోరింగు పట్టుకున్నది. రోజూ అట్లాగే, ఒకరు తోమితే ఒకరు నీళ్లు కొడతారు. ఇవాళ కూడా కొట్టింది.



"ఆ దినం ఇద్దరినీ తోలుకపోతివి గదా" అన్నది కస్తూరమ్మ.

"ఊ."

"నేను జ్వరంల పడుంటి. దొరసాని పిల్లలను ఏరుకుంటున్నది అక్కా, మన పిల్లలిద్దరినీ సూపిచ్చుకొస్త అంటివి. నేనే గిరిజకు జడలేసి పంపితిని."

"ఊ."

"వచ్చి ఏం జెప్పినవు?"

ఇందిరమ్మ గిన్నె అడుగు గీకుతున్నది. అది ఎప్పుడో తెల్లబడింది.

"ఇద్దర్నీ తీసుకోలే అంటివి" అని కస్తూరమ్మే చెప్పింది. "మరి బసవ ఎట్ల పోయిండు?"

"ఆమె ఒక్కరికే జాగ ఉన్నదన్నదక్కా."

"బసవను ఏరుకున్నదా?"

ఇందిరమ్మ చెయ్యి ఆగింది. గిరిజ గడప మీద కూర్చుని చాటలో కందులు ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు నెడుతున్నది. ఇందిరమ్మ దానివైపు చూసింది, మళ్లీ గిన్నె వైపు చూసింది.

"గిరిజను."

కస్తూరమ్మ బోరింగు కొయ్య వదిలింది. అది పైకి లేచి ఊగింది.

"మాట రాని పిల్లనా?"

"పాడిందక్కా."

"ఎవరు?"

"గిరిజ. ఆమె కింద కూసోని సప్పట్లు గొడ్తూ ఏదో పాట పాడింది. పిల్లలందరూ బెదిరిపోయిండ్రు. బసవ నా చీరెల దాసుకున్నడు. ఇది పోయి ఆమె ముందల కూసున్నది. ఆమె ఎట్ల పాడితే అట్ల పాడింది. మల్ల పాడమంటే మల్ల పాడింది."

కస్తూరమ్మ తడి నేల మీద అట్లాగే కూర్చున్నది.

అక్క ఏడుస్తుందనుకున్నది ఇందిరమ్మ. తిడుతుందనుకున్నది. రెండిటికీ సిద్ధపడి ఉన్నది.

"ఎట్లుంటది?" అన్నది కస్తూరమ్మ.

"ఏందక్కా?"

"దాని గొంతు."

ఇందిరమ్మ పెదవి కొరుక్కున్నది. "జర బొంగురుగ ఉంటది. నీ లెక్కనే."

గిరిజ కందులు నెట్టడం ఆపి తల్లిని చూసింది. తల్లి ఎందుకు కింద కూర్చున్నదో దానికి అర్థం కాలేదు. చాట పక్కన పెట్టి వచ్చి, తన గౌను అంచుతో తల్లి చేతిమీద నీళ్లు తుడిచింది.

"ఆషాఢం నుంచి నీకెరుక" అన్నది కస్తూరమ్మ. "దినాం దీని పక్కనే పండుకుంటివి. దీనికి నేను మాటలు నేర్పుతుంటే సూస్తుంటివి. అమ్మ అను, అవ్వ అను అని నేను పిచ్చిదాని లెక్క మొత్తుకుంటుంటే, వాకిట్ల కూసోని బియ్యం ఏరుకుంట సూస్తుంటివి."

"అక్కా..."

"నీ పాలు ఎండిపోయినప్పుడు బసవను నా ఒళ్లె ఏసినవు. ఇద్దరికీ సాలకపోతే నా బిడ్డకు డబ్బా పాలు పట్టిన. నీ కొడుకుకు నేనిచ్చిన. యాదికున్నదా?"

"యాదికున్నదక్కా. అందుకే నీ మొకం సూడలేకపోతున్న."

"సూడకపోతే సూడకపోతివి. చెప్పకపోతివి ఎందుకు?"

ఇందిరమ్మ బూడిద చేతులతోనే ముఖం కప్పుకున్నది. "నా కొడుకు మీద ఆశ పుట్టింది. లేదనను. గాని ఇది నేనొక్కదాన్ని చేసింది గాదక్కా."

"ఇంకెవరు? వీరేశమా?"

"ఆయనకు నేను చెప్పేదాకా ఏమెరుక లేదు."

"మరెవరు?"

ఇందిరమ్మ లేచింది. గిన్నెలు బోర్లించకుండానే లోపలికి పోయింది. కస్తూరమ్మ ఆమెను పిలవలేదు. అవతలి గదిలో రామచందర్ దగ్గిన చప్పుడు వినపడింది.

* * *

పొద్దున బండికి కస్తూరమ్మ గిరిజకు జడలు వేసి బయలుదేరింది. ఇందిరమ్మ బసవ చెయ్యి పట్టుకుని వెనకాలే వచ్చింది.

"నువ్వెందుకు?"

"వాడు పోకపోతే వాని జాగ పోతదక్కా."

కస్తూరమ్మ గిరిజ చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది.

ఇంటి గేటు దగ్గర రామచందర్ గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన మిల్లు వదిలి ఏ పనికీ పక్క ఊరు పోడు.

"నేను గూడ వస్త. ఆడోళ్లు పోయి ఏం మాట్లాడ్తరు? మీరు స్టేషన్ల కూసోండ్రి, నేను పోయి మాట్లాడొస్త."

"ఆమెతోని నేను మాట్లాడ్త."

"నీకు ఆ మాట వస్తదా?"

"నీకు వస్తదా?"

రామచందర్ నవ్వాడు. ఈసారి నవ్వు చిన్నగా అయిపోయింది.

బండిలో ఎదురెదురు బల్లల మీద కూర్చున్నారు. కిటికీలోంచి బొగ్గుపొడి వచ్చి పిల్లల ముఖాల మీద పడుతున్నది. ఎవరి పిల్లకు వాళ్లు తుడుచుకున్నారు. కొంతదూరం పోయాక బసవ లేచి, అలవాటు ప్రకారం పెద్దమ్మ ఒళ్లో తల పెట్టి పడుకున్నాడు. కస్తూరమ్మ వాడిని దగ్గరికి తీసుకోలేదు, నెట్టనూ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీ ఊచ పట్టుకున్నది.

"కస్తూరీ" అన్నాడు రామచందర్, మధ్య స్టేషన్లో బండి ఆగినప్పుడు. "ఛాయ తాగుతవా?"

"వద్దు."

"ఒక్క మాట చెప్పాలె నీకు."

"ఇంటికి పోయినంక చెప్పు."

ఆయన ఛాయ తెచ్చుకున్నాడు. తాగకుండానే బండి కదిలింది. గ్లాసు కిటికీలోంచి వాపసు ఇచ్చేశాడు.

బడి అంటే పెద్దగా ఏమీ లేదు. పెంకుల ఇల్లు, ముందర వాకిలి, చుట్టూ మనిషెత్తు గోడ, ఒక ఇనుప గేటు. వాకిట్లో నలుగురు పిల్లలు మట్టి పిసుకుతున్నారు. వాళ్ల మధ్యలో పిలారమ్మ కూర్చుని ఉన్నది. ఆమె అసలు పేరు సిస్టర్ పిలార్. మోచేతుల దాకా మట్టి.

గిరిజ గేటు లోపల అడుగు పెట్టింది. పిలారమ్మ తల ఎత్తి చూసింది. చేతిలో ముద్ద జారిపోయింది.

ఆమె మోకాళ్ల మీదనే ముందుకు వచ్చి, మట్టి చేతులు దూరంగా పెట్టుకుని, పిల్ల నుదుటికి తన నుదురు ఆనించింది. గిరిజ తల్లి చెయ్యి వదిలింది. వదిలినట్టు దానికి తెలిసినట్టు కూడా లేదు.

ఆయమ్మ మార్త పరుగున వచ్చింది. వికారాబాదు మనిషే. సిస్టరు మాట తెలుగులో, తెలుగు సిస్టరు మాటలో చెప్పేది ఆమె. ఆ పని గేటు దగ్గరే, అదీ గుసగుసగా.

"అమ్మలు లోపలికి రావొద్దు. మన మాట ఇంటే పిల్లలు ఆగమైతరని సిస్టరమ్మ కోప్పడ్తది. గీ పాపను ఎవరు తెచ్చిండ్రు?"

"నేనే" అన్నది కస్తూరమ్మ. "జాగ దీనిదట గదా. అడగనీకె వచ్చిన."

"నిన్న బాబును తోలుకపోయింది నువ్వే గదమ్మా? మేనత్తవా?"

"తల్లిని."

మార్త ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. మెడలో పుస్తెలు చూసింది. వెనక్కి తిరిగి పిలారమ్మకు ఏదో చెప్పింది. పిలారమ్మ లేచి నిలబడింది. ఆమె ముఖంలో రంగు పోయింది.

"ఈ పాప తల్లి సచ్చిపోయిందని చెప్పిండ్రు గదమ్మా మాకు" అన్నది మార్త.

వాకిట్లో పిల్లలు మట్టి ముద్దను ఒకరి మీద ఒకరు విసురుకుని నవ్వుతున్నారు.

కస్తూరమ్మ ఇందిరమ్మ వైపు తిరిగింది. "నన్ను సంపినవా?"

"నేను గాదక్కా." ఇందిరమ్మ బసవను ముందుకు లాక్కుని, వాడి తల మీద చెయ్యి పెట్టింది. "వీని మీద ఒట్టు. గిరిజను ఏరుకున్నరని బావకు చెప్పిన. అంతే. పిల్ల పాడిందని నవ్వుకుంటడనుకున్న. నేను సూస్త, నువ్వు ఇంట్ల నోరు తెరవకు అన్నడు."

మార్త గేటు అవతలికి గడ్డం చూపింది. అక్కడ రామచందర్ గొడుగు విప్పి మూస్తున్నాడు. ఎండ లేదు, వాన లేదు.

"గా అయ్యనే వచ్చిండు. పిల్ల తండ్రిని అన్నడు. తల్లి పోయింది, పిల్లను సూసెటోళ్లు లేరు, దూరం సుట్టాల కాడికి తోలిస్తున్న, దీని జాగల మా తమ్ముని కొడుకును తీసుకోండ్రి అన్నడు. సిస్టరమ్మ ఆ దినం అన్నం తినలేదు. నీకోసం మైనపుబత్తి ముట్టిచ్చి ప్రార్థన చేసింది."

పిలారమ్మ దగ్గరికి వచ్చి, కస్తూరమ్మ మణికట్టు పట్టుకున్నది. మట్టి అంటింది. బతికి ఉన్న చెయ్యే అని చూసుకుంటున్నట్టు చాలాసేపు పట్టుకున్నది.

"ఏమంటున్నది ఆ ఆయమ్మ?" రామచందర్ గేటు బయట నుంచి కేకేశాడు. "కస్తూరీ, జాగ లేదంటున్నదా? లేకపోతే పోదాం పా."

కస్తూరమ్మ ఆయన వైపు తిరగలేదు.

"జాగ ఉన్నదా?" అని మార్తనడిగింది.

"ఒకటి ఖాళీ అయ్యింది. తండ్రికి రైల్వేల బదిలీ అయి ఒక పాప పోయింది. గాని అమ్మా, ఒక ఇంటికెల్లి ఒక్కరినే తీసుకుంటది సిస్టరమ్మ. ఇంట్ల ఇద్దరుంటే ఇంటికి పోయి మన మాటనే మాట్లాడుకుంటరట. పాపనో, బాబునో, మీరే చెప్పుకోండ్రి."

ఇందిరమ్మ కొడుకును గట్టిగా పట్టుకున్నది. తర్వాత పట్టు వదిలింది. "వాన్ని తీసుకపొమ్మంటే తీసుకపోత అక్కా. నీ నోటితోని చెప్పు."

బసవ పెద్దమ్మను చూశాడు. ముక్కు మీద బొగ్గు మసి ఉన్నది. కస్తూరమ్మ కొంగు తడిచేసి ఆ మసి తుడిచింది.

"వాన్ని ఉంచు" అన్నది.

"మరి పాప?" అన్నది మార్త.

"పాపను గూడ. మాది వేరే ఇల్లు."

"వేరే ఇల్లా? ఎక్కడమ్మా?"

"ఇంకా లేదు. ఇయ్యాల ఎతుకుత. ఈడనే, వికారాబాదులనే."

"అక్కా!" అన్నది ఇందిరమ్మ.

మార్త ఆ మాట పిలారమ్మకు చెప్పింది. పిలారమ్మ విన్నది. గేటు వైపు చూసి ఏదో అడిగింది.

"మరి ఆయన ఏ ఇంటాయన అని అడుగుతున్నది సిస్టరమ్మ."

కస్తూరమ్మ గిరిజ ముందు కూర్చుని, దాని జడలు సరిచేసింది. పిల్ల అప్పటికే పిలారమ్మ చేతిలో మట్టిని చూస్తున్నది. కస్తూరమ్మ లేచి బయటికి నడిచింది. ఇందిరమ్మ కూడా బయటికి రాగానే మార్త గేటు మూసింది.

రామచందర్ గొడుగు చంకలో పెట్టుకున్నాడు. "చెప్పుదామనే అనుకున్న కస్తూరీ. బండిల చెప్పబోతే నువ్వే వద్దంటివి. ఆడపిల్ల, అందుల మాట రానిది. బొంబాయి పంపి ఏం జేస్తం? ఇంటిది ఇంటిలనే ఉండాలనే గదా నేను..."

గోడ అవతల చప్పట్లు మొదలయ్యాయి. పిలారమ్మ గొంతు ముందు వినపడింది. దాని వెనక పిల్లల గొంతులు లేచాయి. బసవ గొంతు ఆమె గుర్తుపట్టింది. అన్నిటికన్నా ఆలస్యంగా, ఒక అడుగు వెనకగా, బొంగురుగా ఇంకొకటి వచ్చి కలిసింది.

"కస్తూరీ, నేను చెప్పేది ఇను."

"మాట్లాడకు" అన్నది కస్తూరమ్మ. గోడకు చెవి ఆనించింది. "నా బిడ్డ పాడుతున్నది."